తరుగు పోను

మా గరాజులో గోడకు ఆనించి ఎప్పుడూ రెండు మూడు కర్రలుంటాయి. ఇక్కడ అమెరికాలో వాటిని ‘టూ బై ఫోర్’ అంటారు. ఈ దేశంలో ఇళ్ల గోడల లోపల కనపడకుండా నిలబడి కప్పును మోసేవి ఇవే. ఆ మధ్య ఒక పొద్దున కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, ఏ పనీ లేకుండానే, ఒక కర్ర మీద టేపు పెట్టాను. మందం ఒకటిన్నర అంగుళం, వెడల్పు మూడున్నర. పేరులో రెండూ నాలుగూ ఉన్నాయి, కర్రలో లేవు. ఇది నాకు కొత్త సంగతేం కాదు. పేరు పుట్టిన రోజుల్లో మిల్లులో పచ్చిగా కోసిన కర్ర రెండుకు నాలుగే ఉండేది. ఆరేసరికి కొంత లాగేది, నాలుగు వైపులా చిత్రిక పట్టేసరికి ఇంకొంత పోయేది. పోయినదంతా పోయాక కూడా పేరు మాత్రం కోసిన నాటిదే నిలిచింది. ఇక్కడ సుత్తి పట్టిన ప్రతివాడికీ తెలిసిన విషయమే. అయినా ఆ పొద్దున అది నన్ను వదల్లేదు. ఒక వస్తువును మనం పిలిచే కొలత ఏ దశలోది? కోయకముందుదా, కోశాకదా, చేతికి వచ్చాకదా? మా అమ్మ బంగారం కొట్టుకు వెళ్తే నగ బరువు అడిగేది కాదు, ముందు ‘తరుగు ఎంత?’ అని అడిగేది. ధాన్యం కొనేవాడు బస్తా తూచగానే తరుగు తీసేవాడు. తరుగు అనే మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. మరి ఒకటిన్నర అంగుళం చూసి ఎందుకు అంతసేపు నిలబడిపోయాను?

కారణం పెరట్లో పడి ఉంది. మేముండేది న్యూజెర్సీ మధ్య భాగంలో, మన వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న బ్రిడ్జ్‌వాటర్‌కు దగ్గర్లో. మేము ఈ ఇల్లు కొన్ననాటికే పెరటి చివర పెద్ద తెల్ల యాష్ చెట్టు ఉండేది. ఆ జాతికి తెలుగులో పేరు లేదు, మన నేలలో అది పెరగదు. బేస్‌బాల్ బ్యాట్లూ, పారల పిడులూ, గొడ్డళ్ల పిడులూ తరతరాలుగా ఈ చెక్కతోనే చేశారు, దెబ్బ తగిలినా సాగి నిలుస్తుందని. 2002లో డెట్రాయిట్ దగ్గర ఒక పురుగు బయటపడింది. పచ్చగా, రాళ్లు పొదిగిన నగలా మెరిసే పురుగు, ఆసియా నుంచి సరుకుల పెట్టెల చెక్కల్లో దాక్కుని వచ్చిందంటారు. అది యాష్ చెట్ల బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు బెరడుకూ చెక్కకూ మధ్య ఉన్న మెత్తటి పొరను తింటూ వంకర టింకర దారులు వేస్తాయి. నీళ్లు పైకి ఎక్కే దారీ, ఆహారం కిందికి దిగే దారీ తెగిపోయి చెట్టు నిలువునా ఎండుతుంది. 2014లో న్యూజెర్సీలో మొట్టమొదట కనపడింది ఈ బ్రిడ్జ్‌వాటర్‌లోనే. మా చెట్టు ఆ తరవాత కూడా చాలా ఏళ్లు నిలబడింది. పోయిన వేసవికి పై కొమ్మలు ఆకు వేయలేదు. చలికాలం వచ్చే ముందు చెట్లు కొట్టేవాళ్లను పిలిచాను. ముక్కలు చేసి పట్టుకుపోతామన్నారు. వద్దన్నాను. మానును తొమ్మిదడుగుల దుంగగానూ, దాని పైన కొమ్మలు రెండుగా చీలే పంగను వేరే మొద్దుగానూ వదిలి వెళ్లమన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకే తెలియదు, దాన్ని పలకలు చేయాలని నాకు ఉందని.

పలకలు చేయాలంటే మార్గాలు రెండు. లారీ మాట్లాడి దుంగను బ్యాండ్ రంపం మిల్లుకు తోలడం ఒకటి. ఆ లారీకి క్రేన్ ఉండాలి, అది మా పెరట్లోకి రావాలంటే పక్కవాళ్ల కంచె తీయాలి. రెండోది, రంపాన్నే దుంగ దగ్గరికి తీసుకురావడం. మామూలు చెయిన్ రంపం బారుకు ఒక అల్యూమినియం చట్రం బిగిస్తారు. చట్రం దుంగ మీద పడుకుని జారుతూ ఉంటే, దాని కింద బారు అడ్డంగా, ఒకే లోతులో కోసుకుంటూ పోతుంది. అలాస్కన్ మిల్లు అంటారు దీన్ని. చట్రాలు 24 అంగుళాలవి, 30వి, 36వి, 48వి దొరుకుతాయి. బార్లకూ అలాంటి అంకెలే. చూడగానే లెక్క తేలికనిపిస్తుంది: దుంగ 24 అంగుళాలైతే 24 బారు కొనుక్కో. కాని బారు మీద రాసిన అంకె రంపం ఒంటి ముందు నుంచి ముక్కు దాకా ఉన్న పొడుగు. మిల్లు బిగించాలంటే ముక్కు దగ్గర ఒక పట్టు, మోటారు దగ్గర ఒక పట్టు కావాలి. ఆ రెండు పట్లూ కలిసి నాలుగైదు అంగుళాలు మింగేస్తాయి. మోటారు పక్కనుండే ఇనప కొమ్ములు ఊడదీస్తే ఒక అంగుళం వెనక్కి వస్తుంది. అంటే 28 అంగుళాల బారుకు 23, మహా అయితే 24 అంగుళాల దుంగ. 36 బారుకు 31 మీద ఆశ పెట్టుకోవచ్చు. ఇక్కడా తరుగే. మూడు వారాల పాటు నేను రాత్రి భోజనమయ్యాక కాగితం ముందేసుకుని కూర్చున్నది ఈ లెక్కతోనే.

రాజమండ్రిలో మా బాబాయికి కలప అడితి ఉండేది. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. బాబాయి మాత్రం ఎనభై దాటినా పొద్దున్నే వెళ్లి దుంగల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆయనకు ఫోన్ చేశాను. ‘చుట్టు ఎంతుందిరా?’ అన్నాడు, పలకరింపులైనా కాకుండానే. మధ్యలో డెబ్భై అయిదు అంగుళాలు బాబాయ్ అన్నాను. ‘పొడుగు?’ తొమ్మిదడుగులు. ఒక్క క్షణం ఆగి, ‘ఇరవై రెండు ఘనపుటడుగులు’ అన్నాడు. నేను కాగితం మీద చేసి చూశాను. చుట్టుకొలతలో నాలుగో వంతు, దాన్ని దాంతోనే హెచ్చవేసి, పొడుగుతో హెచ్చవేసి, 144తో భాగిస్తే సరిగ్గా అదే వచ్చింది. కాని బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం ఆ దుంగ ఘనపరిమాణం 28 అడుగులు. ఆరు అడుగులు ఎక్కడికి పోయాయి బాబాయ్ అంటే, ‘గుండ్రంగా ఉన్నదాన్ని చదరం చెయ్యొద్దా? అది చెక్కుడుకి పోయేది’ అన్నాడు. హోపస్ లెక్క అని పుస్తకాల్లో ఉండేది ఇదే. అసలు పరిమాణంలో నూటికి డెబ్భై ఎనిమిదిన్నర వంతులు మాత్రమే కట్టి, మిగతాది లెక్కలోకే రానివ్వదు. ఈ దేశంలో డాయిల్ లెక్క అని ఇంకొకటుంది. సన్నటి చివర వ్యాసంలోంచి ముందే నాలుగు అంగుళాలు తీసేసి ఆ తరవాత గుణకారం మొదలుపెడుతుంది. నా దుంగ సన్నటి చివర, బెరడు పోను, 22 అంగుళాలు. డాయిల్ ప్రకారం 182 బోర్డు అడుగులు. అంటే 15 ఘనపుటడుగులు. ఒకే దుంగ. నేలమీద కదలకుండా పడి ఉంది. దానికి ఇరవై ఎనిమిదీ, ఇరవై రెండూ, పదిహేనూ మూడు కొలతలు. ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కరు ఒక్కో చోట నిలబడి, ఇక్కడిదాకా పోయేది పోతుందని ముందే ఒప్పుకుని చెప్పిన అంకెలు అవి. అమ్మేవాడూ కొనేవాడూ కొట్టుకోకుండా ఉండాలంటే పోయేది ఎంతో ముందు తేల్చుకోవాలి కాబోలు.

ఫోన్ పెట్టేసే ముందు బాబాయి ఇంకో మాట అన్నాడు. ‘మానును పలకలు కోసే ముందు చెక్కుతార్రా. మీ తాతయ్య వసారా వేయించినప్పుడు చూశావుగా.’ చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. తాతయ్య ఊళ్లో చెరువు గట్టున గాలివానకు పడిన వేపమానును కోయడానికి ఇద్దరు కోతవాళ్లు వచ్చారు. మొదటి రెండు రోజులు వాళ్లు రంపం ముట్టనేలేదు. గొడ్డలితోనూ బాడిశతోనూ మానును నలుచదరంగా చెక్కారు. పొట్ట మీద ఉబ్బెత్తుగా ఉన్నది పోయింది, వేరు మొదట్లో వెడల్పయ్యేది పోయింది. తరవాత దాన్ని కత్తెరలా కట్టిన రెండు జతల కర్రల మీదికి ఎక్కించారు. మసిలో ముంచిన నూలుతాడును ఈ కొస నుంచి ఆ కొసకు బిగలాగి పట్టుకుని, మధ్యలో రెండు వేళ్లతో ఎత్తి వదిలితే చెక్క మీద నల్లటి గీత టక్కున పడేది. ఆ గీత నాకు వేయనివ్వమని ఎంత బతిమాలానో. ఒకడు మాను మీద నిలబడ్డాడు, ఒకడు కింద. కిందివాడు తలమీద గోనెగుడ్డ కప్పుకున్నాడు. రంపం కిందికి దిగేటప్పుడే కోత పడేది, పైకి లేచేటప్పుడు ఊరికే లేచేది. దిగిన ప్రతిసారీ పొట్టు కిందివాడి భుజాల మీద పసుపు చల్లినట్టు రాలేది. కోత కాస్త లోపలికి వెళ్లగానే పైవాడు చీలికలో చెక్క సీల దిగ్గొట్టేవాడు, రెండు వైపులూ మూసుకుని రంపాన్ని పట్టేయకుండా. ఆముదం పూసిన గుడ్డపీలిక ఒకటి రంపం పిడికి వేలాడుతూ ఉండేది. మధ్యాహ్నం గంజి తాగాక ఇద్దరూ నీడన కూర్చుని ఆకురాయితో పళ్లకు పదును పెట్టేవాళ్లు. ఒక్కో పన్నుకు మూడు రాపులు, ఎక్కువా కాదు తక్కువా కాదు.

ఆ రంపం పైవాడి ఎత్తు ఉండేది. మాను మందం రెండడుగులైనా లేదు. ఇంత చిన్న మానుకు అంత రంపం ఎందుకని తాతయ్యను అడిగాను. తాతయ్య ఆ ప్రశ్నను కోతవాడికి అందించాడు. ‘అంత లేకపోతే చెయ్యి ఆడదండీ’ అన్నాడతను. ఇన్నేళ్ల తరవాత, మిల్లు సైజుల కాగితం ముందు కూర్చుని ఉండగా ఆ మాట తిరిగి వినపడింది. నిజమే కదా. రంపం మాను మందమంతే ఉంటే అది అందులో ఇరుక్కుని ఉంటుంది, కదలడానికి చోటుండదు. మానును కోసేది మానులో ఉన్న రంపం ముక్కే అయినా, కోత జరిగేది బయట మిగిలిన ముక్క వల్ల. ఆ మిగులు ఉన్నంత మేరే చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంది. మన భాషలో డబ్బుకు ఇబ్బంది లేకపోవడాన్ని కూడా చెయ్యాడటమనే అంటాం. చేతిలో డబ్బు ఆడటం అంటే అవసరానికి మించి కాస్త ఉండటమే. అయితే నా బారులో రెండు కొసల దగ్గరా మిల్లు మింగే నాలుగైదు అంగుళాలను ఇన్నాళ్లూ నేను నష్టం కింద ఎందుకు రాసుకున్నాను? ఆ పట్లు లేకపోతే చట్రం నిలవదు, చట్రం నిలవకపోతే పలక చదునుగా రాదు. అక్కడ కోత పడకపోవడం వల్లనే మిగతా చోట కోత పడుతోంది. అయినా ఒక అనుమానం వదల్లేదు. మిగులు మంచిదే అయితే ఎంత మిగులు? అలా అనుకుంటూ పోతే 36 దగ్గర ఎందుకు ఆగాలి, 48 ఎందుకు కాకూడదు?

ఈ అనుమానం పుట్టడానికి కారణం ఆ పంగ. మాను నడుమన 24 అంగుళాలు, మొదట్లో 27. కాని రెండు కొమ్మలు విడిపోయే చోట అది 34 అంగుళాలకు విచ్చుకుంది. చెక్క తెలిసినవాళ్లు పంగ అంటే ప్రాణం పెడతారు. రెండు కొమ్మల నారలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని, ఒరుసుకుని, కోసి చూస్తే దీపశిఖలా, నెమలిపింఛంలా లోపల ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని నిండు వెడల్పున తెరవాలంటే 36 బారు కూడా చాలదు, 42 కావాలి. ఆ బారును తిప్పడానికి 90 సి.సి.కి తగ్గని ఇంజను కావాలి, 120 అయితే ఇంకా మంచిదంటారు. స్టిల్ కంపెనీ 661 రంపం అంటే 91 సి.సి., దాని ఒళ్లే ఏడు కిలోల పైన. బారూ, చెయినూ, మిల్లూ కలిసి పదిహేను కిలోలు దాటుతుంది. దాన్ని దుంగ మీద నడుం వంచి, పొగ పీలుస్తూ, చాలాసేపు తొయ్యాలి. బారు పొడుగయ్యే కొద్దీ ఇంకొన్ని సంగతులున్నాయి. ఒకేసారి చెక్కలో ఎక్కువ పళ్లు పడతాయి, ఉన్న బలాన్నే అవన్నీ పంచుకుంటాయి. ముక్కు దాకా నూనె చేరక చెయిన్ మాడుతుంది, ముక్కు దగ్గర వేరే నూనె డబ్బా కట్టాలి. నడుమ బారు సన్నగా వంగితే పలక మధ్యలో లోతుగా వస్తుంది. 36 బారు చెయిన్‌కు యాభైకి పైగా పళ్లు, ప్రతి దాన్నీ ఆకురాయితో పదును పెట్టాలి. తొమ్మిదడుగుల కోత ఒకటీ రెండూ అయ్యేసరికి మళ్లీ పెట్టాలి. 34 అంగుళాల ఆ ఒక్క మొద్దు కోసం ప్రతి కోతలోనూ ఇంత బరువు మోయాలా? లేక దాన్ని వదులుకుని, జీవితాంతం దాని లోపల ఏముందో అని తలుచుకుంటూ ఉండాలా?

మా పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరయ్యారు. ఆయన షెడ్డు గోడ మీద నా పొడుగున ఒక బారు వేలాడుతూ ఉంటుంది. దాన్ని చూపించి, ఎంత తరచుగా వాడతారండీ అని అడిగాను. పదకొండేళ్లలో మూడుసార్లని చెప్పారు. తరవాత ఆయన నన్నొక ప్రశ్న అడిగారు: ‘ఆ చెక్కతో ఏం చేద్దామని?’ మూడు వారాలు దుంగ కొలతలు కొలిచాను, ఇంజను కొలతలు కొలిచాను. ఈ ప్రశ్న మాత్రం నన్ను నేను వేసుకోలేదని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి కాగితం రెండో వైపు రాసుకోవడం మొదలుపెట్టాను. ఉయ్యాల బల్ల. తాతయ్య వసారాలో ఇత్తడి గొలుసులతో వేలాడిన బల్ల నా మనసులో ఉంది. మధ్యాహ్నం పూట నాయనమ్మ దాని మీద ఒక పక్కకు ఒత్తిగిల్లి పడుకునేది, ఆవిడ కాళ్ల దగ్గర నేను కూర్చునేవాణ్ణి. అది ఎంత వెడల్పు? ఇప్పుడది మా తమ్ముడి ఇంట్లో ఉంది. కొలిచి చెప్పమన్నాను. ఇరవై రెండు అంగుళాలు. తరవాత పీటలు. మా అమ్మాయి పెళ్లి ఎప్పుడవుతుందో గాని, అయిన రోజున కూర్చోవడానికి రెండు పీటలు ఈ పెరటి చెట్టువే ఉండాలని ఉంది. పీటకు పద్నాలుగు అంగుళాలు చాలు. పుస్తకాలకు ఒక అలమర, అరలు పది పన్నెండు అంగుళాలు. నాకు కావలసిన వాటిల్లో అన్నిటికన్నా వెడల్పైనది ఇరవై రెండు. అది మనిషి ఒళ్లు ఒత్తిగిల్లి పడుకుంటే పట్టే వెడల్పు. మన ఇళ్లలో చెక్క సామాన్ల కొలతలన్నీ ఒంటి నుంచి వచ్చినవే కదా, ముందు నాకు ఇది ఎందుకు తట్టలేదు? దుంగను చూసి రంపం కొనాలనుకున్నాను. దుంగ ఎంత ఉంటే అంత తెరవాలన్న ఆశ దుంగది కాదు, నాది. చెట్టు బతికి ఉన్నన్నాళ్లూ దాని వెడల్పు దాని అవసరం. చచ్చిపోయాక ఆ వెడల్పునంతా నేనెందుకు పూర్తిగా తీసుకోవాలి?

అలా 28 అంగుళాల బారు, 30 అంగుళాల చట్రం, 72 సి.సి. రంపం దగ్గర ఆగాను. ఇరవై రెండుకు మీద ఒకటి రెండు అంగుళాలు కోత చోటు, ఆ పైన చెయ్యాడేంత మిగులు. చెయిన్ మాత్రం మామూలుది కాకుండా నిలువుకోతకు పదును పెట్టింది తెప్పించాను. కట్టెలు అడ్డంగా నరికే చెయిన్ పళ్లకు ముప్పై డిగ్రీల దాకా వాలు ఉంటుంది. పలకలు కోసే చెయిన్‌కు పది డిగ్రీలే. వాలు తగ్గిన కొద్దీ కోత నెమ్మదిస్తుంది, పలక మీద గీరలు తగ్గుతాయి. ఆకురాయి పట్టుకుని ఒక్కో పన్నుకు మూడు రాపులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నప్పుడు కోతవాళ్ల నీడ గుర్తొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మొదలుపెట్టాను. ముందు బెరడు తీశాను. అది చేత్తో లాగితేనే పలకలు పలకలుగా ఊడి వచ్చింది. కింద చెక్క మీద పురుగుల దారులు, ఎవరో తెలియని లిపిలో తీరిగ్గా రాసినట్టు. చెట్టును చంపిన రాత అది. అంత అందంగా ఉండటం చూసి కాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు. పురుగు ఆ పైపొర దాటి లోపలికి వెళ్లదు, చెక్క గట్టిగా ఉంది. తరవాత, బాబాయి చెప్పినట్టే, మొదట్లో 27 అంగుళాలకు ఉబ్బిన చోట రెండు పక్కలా చెక్కేశాను. గుండ్రం మీద చట్రం నిలవదు కాబట్టి మొట్టమొదటి కోతకు తిన్నటి దారి ఒకటి వేయాలి. కొందరు నిచ్చెన వాడతారు. నేను గరాజులో గోడకు ఆనించి ఉన్న రెండు టూ బై ఫోర్‌లను ఏరి, వంపు లేకుండా చూసుకుని, దుంగ నెత్తిన పట్టాల్లా బిగించాను. ఒకటిన్నర, మూడున్నర. ఆ రోజు వాటి పేరు ఎంతైతే ఏమిటి, తిన్నగా ఉన్నాయి, అంతే కావాలి. చెవులకు డిప్పలు, కాళ్లకు రంపం తగిలినా తెగని తొడుగు, మొహానికి ముసుగు. రంపం పూర్తి ఊపులో ఉంటే దాన్ని బలంగా తొయ్యకూడదు, దుంగను ఒకవైపు కాస్త ఎత్తుగా పెడితే దాని బరువుకు అదే జారుతూ వెళ్తుంది. రెండడుగులు వెళ్లగానే వెనక చీలికలో ప్లాస్టిక్ సీల దిగ్గొట్టాను, ఇంకో రెండడుగులకు ఇంకోటి. కొస దాకా వెళ్లాక ఇంజను వెంటనే ఆపకుండా కాసేపు ఊరికే తిరగనిచ్చాను, వేడి తగ్గడానికి. పైచెక్క ఎత్తడానికి మా అబ్బాయి వచ్చాడు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని లేపాం. లోపల తెల్లగా, తడిగా, నడుమ గోధుమరంగు చేవ కట్టి, సన్నటి వార్షిక వలయాలు ఏటి నీటి మీద చారల్లా సాగిపోతూ. వాడు అరచెయ్యి పెట్టి చూసి, ‘చల్లగా ఉంది నాన్నా’ అన్నాడు.

ఎనిమిది కోతలు కోశాం ఆ రోజూ మర్నాడూ. ఒక్కో కోతకు చెయిన్ అంగుళంలో మూడెనిమిదో వంతుకు అటూ ఇటూగా తినేస్తుంది. ఎనిమిదింటికి మూడు అంగుళాలు. ఒక ఉయ్యాల బల్లకు మించిన మందం పొట్టయి గడ్డి మీద రాలింది. తమ్ముడి బ్యాండ్ రంపం కోతకు రెండు మిల్లీమీటర్లే తీసుకుంటుంది. ఆ తేడా తెలిసే ఈ దారి ఎంచుకున్నాను, అయినా మోకాళ్ల దాకా పడ్డ ఆ పొట్టు చూస్తే మనసు చివుక్కుమంది. నాయనమ్మ అయితే దాన్ని గడ్డి మీద వదిలేది కాదు. ఆవిడకు పొట్టు పొయ్యి ఉండేది. రేకు డబ్బా కింది పక్కన చిన్న కంత. ఆ కంతలో ఒక కర్ర అడ్డంగా, మధ్యలో ఒక సీసా నిలువుగా పెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి పిడికిలితో దిమ్మిసా కొట్టినట్టు కూరేది. సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేది, కర్రను పక్కకి తీసేది. లోపల ఏర్పడిన సొరంగంలోంచి గాలి పోయి, పొగ లేకుండా మంట పూటంతా సన్నగా మండేది. వసారా కోతలో వచ్చిన వేప పొట్టుతో మాకు ఎన్నో రోజులు అన్నం ఉడికింది. ఆ లెక్కన ఆ మానులో తరుగు ఎంత? తాతయ్య రాసుకున్న పద్దులో అది ఏ వైపు ఉండాలి? నేను గోనె సంచులు తెచ్చి పొట్టు ఎత్తాను. కొంత కూరగాయల మళ్ల మధ్య దారిలో పరిచాను, కొంత పక్క వీధి పెద్దాయన తీసుకెళ్లారు.

పంగ మొద్దు కోయలేదు. రెండు కొసలకూ మైనం పూసి, నేల తగలకుండా రెండు ఇటుకల మీద ఎక్కించి షెడ్డు చూరు కింద ఉంచాను. తన పొడుగు బారు నాలుగోసారి దించుతానని పెద్దాయన మాట ఇచ్చారు, ఎండలు ముదరకముందే. ఆయన రంపం, ఆయన చెయ్యి, నేను సీలలు కొడతాను.

పలకలన్నీ గరాజు వెనక, ఒకదాని మీద ఒకటి, మధ్యలో సన్న బద్దలు పెట్టి పేర్చాను, గాలి ఆడటానికి. అంగుళం మందానికి ఒక ఏడాది అని ఇక్కడివాళ్లు అంటారు. ఉయ్యాల బల్ల పలక రెండుంబావు అంగుళాల మందం. యాష్ ఆరేటప్పుడు వెడల్పులో కుంచించుకుపోతుంది. ఈ వెడల్పుకు అంగుళం దాకా తగ్గవచ్చు. బాబాయి వీడియోలో చూసి, ‘వెడల్పు ఎంత వచ్చిందిరా?’ అన్నాడు. కొలిచి చూపించాను. ఇరవై మూడుంబావు. ‘ఆరాక చెప్పు’ అన్నాడు. పలక కొస మీద పెన్సిలుతో తారీఖూ, 23¼ అనీ రాశాను. దాని పక్కన కాస్త ఖాళీ వదిలాను.